కన్ను ఆనే అంచు

తూనికలు కొలతల శాఖలో ఇరవై ఆరేళ్ళుగా ఇన్‌స్పెక్టరుగా ఉన్న ఆ పెద్దమనిషికి లోకంలో వంకరగా ఉన్నవాటితో ఉన్నంత పరిచయం తిన్నగా ఉన్నవాటితో లేదు. కిరాణా కొట్టులో తక్కెడ ముల్లు నువ్వుగింజంత పక్కకు వాలితే, వీధి మలుపులో ఉండగానే ఆయన కనుబొమ నువ్వుగింజంత పైకి లేస్తుందని కొట్లవాళ్ళు చెప్పుకొనేవారు. ఆయన ముద్ర పడిన ఇనుపముక్క కిలో అయ్యేది. పడనిది ఇనుపముక్కగానే మిగిలిపోయేది. రాజ్యాలను శాసించిన చక్రవర్తులు చరిత్రలో చాలామంది ఉన్నారు గాని, పావుకిలోలను ఇంత నిష్పక్షపాతంగా శాసించినవాడు మరొకడు లేడని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని ఆయన ఎన్నడూ పైకి అనలేదు. అనవలసిన అవసరం లేకుండా నడిచేవాడు.

అటువంటి సార్వభౌముడి ఇంట ఒక మంగళవారం ఉదయం, తడిబట్టల బకెట్టుతో మేడమెట్లు ఎక్కుతూ ఆయన భార్య కాలు జారి పడింది. పదకొండు మెట్లు. వెన్నెముకలో రెండు పూసలు దెబ్బతిన్నాయి. ఆపరేషను బాగానే జరిగిందనీ, ఇక మిగిలిన పని కాలానిదేననీ డాక్టరు చెప్పాడు. తొంభై రోజులు వెల్లకిలా పడుకోవాలి. పక్కకు ఒత్తిగిలకూడదు. తల కింద దిండు ఉండకూడదు. దగ్గు రాకూడదు, తుమ్ము రాకూడదు. కాబట్టి గదిలో దుమ్ము రేగకూడదు. ఒకసారి మంచం మీద చేర్చాక ఆ మంచాన్ని కదపకూడదు. ఇన్‌స్పెక్టరు ఈ షరతులన్నిటినీ చిన్న పుస్తకంలో వరుస సంఖ్యలు వేసి రాసుకున్నాడు. రాసుకోవడం తప్ప ఆ పూట ఆయన చేయగలిగింది మరేదీ లేకపోయింది.

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమె భర్తను ఏదీ అడిగిన మనిషి కాదు. అడగవలసినవన్నీ తానే చేసేసుకొనేది. ఆస్పత్రి మంచం మీద, చూపు పైకప్పు నుంచి తిప్పకుండానే, మొదటిసారి అడిగింది.

"ఏవండీ, నేను ఇంటికొచ్చేలోగా ఒక పని చేయిస్తారా?"

"చెప్పు."

"ఇక్కడ పైన గళ్ళు గళ్ళుగా ఉంది చూశారా? ఏదో ఒక గడి పట్టుకుని ఉంటున్నాను. మన గదిలో పైన ఏముంది? వట్టి తెలుపు. ఆపరేషనయ్యాక మొదటిరోజు పడుకోబెట్టారే, ఆ గదిలో కూడా అంతే. కళ్ళు ఆనడానికి ఒక్కటంటే ఒక్కటి లేదు. గిర్రున తిరిగిపోయాననుకోండి. మంచం మీంచి పైకి పడిపోతానేమో అనిపించింది."

"పైకి ఎవరైనా పడతారా?"

"మీరు నిలబడి ఉన్నారు కాబట్టి అలా అడుగుతున్నారు."

ఇన్‌స్పెక్టరు తల ఎత్తి పైనున్న గళ్ళను చూశాడు.

"కళ్ళు మూసుకుంటే పోదా అంటారేమో, అప్పుడు ఇంకా ఎక్కువ. అందుకని, గోడా కప్పూ కలిసే చోట చుట్టూ ఒక అంచు వేయించండి. ఇళ్ళల్లో వేయిస్తారు చూడండి, బార్డరు. పూలూ తీగలూ ఏమీ వద్దు. ఒక్క గీత చాలు. ఆ గీత పట్టుకుని తొంభై రోజులూ ఉండిపోతాను."

ఈ విన్నపాన్ని ఇన్‌స్పెక్టరు సంధిపత్రం అందుకున్నంత గంభీరంగా స్వీకరించాడు. ఆస్పత్రి మెట్లు దిగుతుంటే మాత్రం, పది రోజుల తర్వాత తనకు చేతనైన పని ఒకటి దొరికిందన్న ఆనందంలో ఆయన ఒక మెట్టు దాటేసి దిగాడు.

బార్డర్లు అమ్మే దుకాణానికి ఆయన వెంట వదినగారు బయలుదేరింది. ఇన్‌స్పెక్టరు భార్యకు అక్క, వృత్తికి దర్జీ. చెల్లెలి కోసం తన కుట్టుమిషనుతో సహా వచ్చి హాల్లో మకాం పెట్టింది. మాట కూడా సూదిలాగే వాడేది: కుట్టాలన్నా అదే, గుచ్చాలన్నా అదే.

దుకాణం లోపలి గోడలకు పైనుంచి కిందిదాకా బార్డరు ముక్కలు మేకులకు వేలాడుతున్నాయి. ఏ గదికీ చెందని కప్పుల అంచులు అన్ని వందలు ఒక్కచోట చేరితే, కూలిపోయిన కోటలన్నీ తమ కనుబొమలను ఇక్కడ తాకట్టు పెట్టుకున్నట్టు ఉంది. యజమాని ఒక్కొక్కదాన్నీ బిరుదుతో సహా పరిచయం చేశాడు.

"ఇది దర్బారు. ఇది రాజసం. ఇది మయూరం. మయూరం చాలా మూవింగ్ అండీ, పెళ్ళిపందిళ్ళ వాళ్ళు కూడా ఇదే."

"మాకు కదిలేది వద్దు. కదలనిదే కావాలి," అంది వదినగారు. "ఒక్క గీత ఉన్నది చూపించండి."

యజమాని పెదవి విరిచి, మూలనున్న సన్నటి పట్టీ ఒకటి తీశాడు. దానికి బిరుదు లేదు, నంబరు మాత్రం ఉంది. వదినగారు చేత్తో తడిమి, "ఇదే," అంది.

ఇన్‌స్పెక్టరు చూపు మాత్రం మరోదాని మీద నిలిచింది. జానెడు వెడల్పు, పువ్వు లేదు, ఆకు లేదు. ఒకదాని కింద ఒకటిగా మూడు లోతైన గీతలు, అంగుళం తేడాతో, చివరిదాకా ఎక్కడా చెదరకుండా. బిరుదు త్రిరేఖ. ఆయన జేబులోంచి చిన్న స్కేలు తీసి మూడుచోట్ల కొలిచాడు. మూడుచోట్లా ఒకే లెక్క. ఆయన ముఖం మీద, నిజాయితీగల తక్కెడ ఎదురైనప్పుడు మాత్రమే కనిపించే ప్రసన్నత కనిపించింది.

"ఇది తీసుకుందాం."

"చెల్లి ఒకటి అడిగింది మరిదిగారూ. మీరు మూడు ఇస్తారేం?"

"ఎక్కువైతే నష్టమేముంది వదినగారూ? ఒకదాని మీద విసుగొస్తే ఇంకోదాన్ని పట్టుకుంటుంది."

ఈ వాదనలో దోషం ఉందని వదినగారికి తెలుసు. ఎక్కడుందో మాత్రం వేలు పెట్టి చూపలేకపోయింది. త్రిరేఖ ఇంటికి వచ్చింది.

మర్నాడు ఉదయం మేస్త్రీ వచ్చాడు. అతనికి రెండు కళ్ళూ భేషుగ్గా ఉన్నా, ఏ పని మొదలుపెట్టినా ముందు ఎడమకన్ను మూసి కుడికంటితో చూడటం అలవాటు కనుక, అందరూ ఒంటికన్ను మేస్త్రీ అనేవారు. పడకగది గుమ్మంలో నిలబడి ఎడమకన్ను మూశాడు. ఒకసారి గది ఈ చివర నుంచి, ఒకసారి ఆ చివర నుంచి చూశాడు. కన్ను తెరిచాడు.

"కప్పు వాలుగా ఉంది సార్. తలుపు దగ్గర ఎత్తు, కిటికీ దగ్గర తక్కువ. వాన నీళ్ళు పోవాలని స్లాబు అలా పోసుంటారు. మూడు వేళ్ళు తేడా."

"మూడు వేళ్ళంటే ఎన్ని మిల్లీమీటర్లు?"

"మూడు వేళ్ళంటే మూడు వేళ్ళే సార్."

"వేలు కొలత కాదు."

"నా వేలు ముప్ఫై ఏళ్ళుగా మారలేదు సార్. మీ టేపు మొన్న కొన్నారు."

హాల్లో మిషను చప్పుడు ఆగింది. వదినగారు నవ్వు దాచుకొంటున్నదని అర్థం.

మేస్త్రీ సున్నితంగానే విడమరిచి చెప్పాడు. బార్డరు కప్పును పట్టుకొని పోవాలి. కప్పు వాలితే అదీ వాలాలి. రెండూ కలిసి వాలితే చూసేవాడికి ఏ వాలూ తెలియదు. ఇంట్లో ఉండేవాళ్ళకు కప్పే మట్టం. అలా కాక రసమట్టం పెట్టి తిన్నగా కొడితే, ఒక చివర బార్డరు కప్పును అంటుకొంటుంది, రెండో చివర మూడు వేళ్ళు కిందికి దిగిపోతుంది. ఇల్లు వంకరని చాటింపు వేసినట్టే అవుతుంది.

"అంటే వంకరని ఇంకో వంకరతో కప్పిపెట్టమంటావు."

"కప్పిపెట్టడం ఏముంది సార్, అందరిళ్ళల్లో అలాగే."

"ఇరవై ఆరేళ్ళలో నేను వంకర తక్కెడ ఒక్కదానికి ముద్ర వెయ్యలేదు, తెలుసా?"

"ఇది తక్కెడ కాదు సార్, పడకగది."

వదినగారు హాల్లోంచే అందుకొంది: "మరిదిగారూ, ఒక భుజం దిగినవాడికి చొక్కా కుట్టాల్సొస్తే నేను టేపు చెప్పింది వినను. భుజం చెప్పింది వింటాను."

"అది గుడ్డ వదినగారూ! ఇది సత్యం!"

సత్యం అన్నమాట పడకగదుల్లో తరచుగా వినబడేది కాదు. మేస్త్రీ నెత్తిన ఉన్న తువ్వాలు తీసి ముఖం తుడుచుకొన్నాడు. తన భార్య తొంభై రోజులు దేన్ని ఆనుకొని బతకాలో అది తిన్నగా ఉండి తీరాలనీ, ఆమె కింద ఎన్నడూ దొంగతూకం పెట్టబోననీ ఇన్‌స్పెక్టరు చెబుతూ, ఆఖరి మాట పూర్తి కాకముందే ముఖం కిటికీ వైపు తిప్పుకొన్నాడు. అది చూసి మేస్త్రీ వాదన మానేశాడు.

"సరే సార్. అమ్మా, మీరు విన్నారు కదా? రేపు నన్ను అనకూడదు."

"విన్నానయ్యా. నిన్నెవరూ అనరు."

పని రెండు రోజులు సాగింది. ఇన్‌స్పెక్టరు సెలవు పెట్టి, పట్టీ రెండో కొసను తానే చేతులు పైకెత్తి మోశాడు. కొండనెత్తినవాడికి కూడా అప్పుడప్పుడూ చెయ్యి మార్చుకొనే వీలుండి ఉంటుంది. ఈయనకు అదీ లేదు. మేస్త్రీ అంగుళం అంగుళానికీ రసమట్టం ఆనించేవాడు. గాజుగొట్టంలో బుడగ నడిమికి వచ్చి నిలిస్తే "ఊఁ" అనేవాడు ఇన్‌స్పెక్టరు. అప్పుడు మర బిగిసేది. తలుపు వైపున కప్పుకూ పట్టీకీ నడుమ మిగిలిన సందును మేస్త్రీ ప్లాస్టరుతో పూడ్చాడు. కిటికీ దగ్గర దారమంత సన్నగా మొదలై తలుపు దగ్గర మూడు వేళ్ళ మందాన తేలిన ఆ తెల్లటి ముక్కను చూసి ఒక్కసారి ఎడమకన్ను మూశాడు. వెంటనే రెండూ మూశాడు.

అన్నీ అయ్యాక ఇన్‌స్పెక్టరు నిచ్చెన ఎక్కి, నాలుగు గోడలకూ పదిహేడు చోట్ల రసమట్టం పెట్టి చూశాడు. పదిహేడు చోట్లా బుడగ నడిమధ్యనే ఉంది. ఆ ఇంట్లోనే కాదు, బహుశా ఆ వీధిలోనే పరమ సత్యమైన వస్తువు అదే. గది ఊడ్చారు, తడిగుడ్డతో మూడుసార్లు తుడిచారు, దుమ్ము కణం లేకుండా చేశారు. కావలసినవన్నీ చేశారు. అయితే ఆ రెండు రోజుల్లో ఆ గదిలో ఎవరూ చేయని పని ఒకటి మిగిలిపోయింది: పడుకొని చూడటం.

మధ్యాహ్నం ఆమెను తీసుకువచ్చారు. ఆస్పత్రి మనుషులు నలుగురు స్ట్రెచరును హాల్లోంచి పడకగదిలోకి తెచ్చి, మూడు లెక్కపెట్టి, ఆమెను పళ్ళెంలోని నీటిని మరో పళ్ళెంలోకి వంచినంత మెల్లగా మంచం మీదకు మార్చి వెళ్ళిపోయారు. తలాపు గోడకు ఆనింది. ఎదురుగా, తలుపు నుంచి కిటికీదాకా, ఆ పొడవాటి గోడ. పైన త్రిరేఖ.

ఇన్‌స్పెక్టరు మంచం పక్కన చేతులు కట్టుకొని నిలబడ్డాడు. పరీక్ష రాసినవాడూ పరీక్ష దిద్దేవాడూ తానే అయిన మనిషి ముఖంలో ఎంత కంగారు ఉండవచ్చునో అంతా ఉంది.

ఆమె పైకి చూసింది. చూస్తూనే రెండు చేతులతో మంచం పట్టెలు పట్టుకొంది.

"బాగుందా?"

"బాగుందండీ," అంది ఆమె. కాసేపయ్యాక, "మంచం సరిగ్గా వేశారా?" అని అడిగింది.

"ఎందుకు?"

"తలుపు వైపు జారిపోతున్నాను."

ఆయన పరుగున వెళ్ళి రసమట్టం తెచ్చి మంచం పట్టె మీద పెట్టాడు. తిన్నగా ఉంది. నిచ్చెన వేసుకొని ఎదురుగోడ అంచు మీద పెట్టాడు. తిన్నగా ఉంది. రసమట్టాన్ని తెచ్చి ఆమె కళ్ళకు ఎదురుగా పట్టుకొన్నాడు.

"చూడు. నువ్వే చూడు. బుడగ మధ్యలో ఉందా లేదా?"

"ఉంది."

"మరి?"

"బుడగకి నడుం విరగలేదు కదండీ."

ఆమె ఎగతాళికి అనలేదు. పళ్ళు బిగబట్టి అంది. నుదుట చెమట పట్టింది. పైనున్న విశాలమైన తెల్లకప్పును ఆమె కన్ను మట్టమని నమ్మింది. కన్నుకు అంతకంటే పెద్ద సాక్ష్యం ఆ గదిలో లేదు. ఆ నమ్మకం కింద మూడు గీతలు, ఒకదానికొకటి వంతపాడుతూ, తలుపు వైపు దిగిపోతున్నాయి. ఒక గీత అయితే ఒకసారి జారేది. ఇప్పుడు చూపు ఒకదాని నుంచి తప్పించుకొని రెండోదాని మీద పడి మళ్ళీ జారుతోంది.

వదినగారు వచ్చి చూసింది. ఇంతకుముందు అన్నమాటను మళ్ళీ అనే హక్కు ఆమెకు పూర్తిగా ఉంది. ఆ హక్కును వాడుకోకుండా, బీరువాలోంచి దుప్పటి తీసి, ఎదురుగోడ అంచు కనబడకుండా రెండు మేకుల మధ్య కట్టింది.

రెండు నిమిషాలు గడిచాయి.

"అక్కా, తీసెయ్యవే. మళ్ళీ పైకి పడుతున్నాను."

దుప్పటి తీశారు.

ఇన్‌స్పెక్టరు హాల్లోకి వెళ్ళి మేస్త్రీకి ఫోను చేశాడు. ఫోనులో ఆయన గొంతును మేస్త్రీ మొదట గుర్తుపట్టలేదు.

"ఊడదీసి మళ్ళీ కొట్టాలంటే ఒక్కరోజు పని సార్. కానీ ప్లాస్టరు గట్టిపడిపోయింది, ఉలి పెట్టి కొట్టాల్సిందే. గదంతా దుమ్ము లేస్తుంది. అమ్మగారిని వేరే గదిలోకి మార్చగలరా?"

"మంచం కదపకూడదు."

"మరి దుమ్ము?"

"దుమ్ము రేగకూడదు."

నేను ముందే చెప్పాను అనడానికి ఇంతకంటే మంచి అవకాశం ఏ మేస్త్రీకీ రాదు.

"నేను గట్టిగా చెప్పాల్సింది సార్," అన్నాడు ఒంటికన్ను మేస్త్రీ. "మీరు అంత బాధపడుతుంటే చెప్పలేకపోయాను."

ఇన్‌స్పెక్టరు ఫోను పెట్టేశాడు. కోపం తెచ్చుకోవడానికి ఎవరైనా దొరుకుతారేమోనని మనసులోనే ఊరంతా గాలించాడు. స్లాబు పోసినవాళ్ళు ఎప్పుడో పోయారు. వాన నీళ్ళు పోవాలనుకోవడం నేరం కాదు. బుడగ అబద్ధం ఆడలేదు. అందరూ నిర్దోషులే, అపరాధం మాత్రం మూడు గీతలుగా గోడ మీద ఉంది.

ఆయన గదిలోకి తిరిగివచ్చి, మంచం పక్కన నేల మీద, చొక్కా నలుగుతుందని కూడా చూడకుండా వెల్లకిలా పడుకొన్నాడు. తల కింద ఏదీ పెట్టుకోలేదు. పైకి చూశాడు.

గది మొత్తం, మంచం, బీరువా, భార్య, తాను, అన్నీ కలిసి తలుపు వైపు ఒరిగిపోయాయి. ఆయన అరచేయి తెలియకుండానే నేలను పట్టుకోబోయింది. నున్నటి గచ్చులో పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు.

"నిజమే," అన్నాడు నేల మీద నుంచి.

"అవును కదూ?" అంది ఆమె మంచం మీద నుంచి. తన బాధను మరొకరు చూశారన్నప్పుడు వచ్చే చిన్న ఊరట ఆ గొంతులో వినబడింది. "లేవండి, ఒళ్ళు పట్టేస్తుంది."

"ఏం చెయ్యను?"

ఇరవై రెండేళ్ళలో ఈ ప్రశ్న కూడా ఆ ఇంట్లో మొదటిసారి పుట్టింది. ఆమె ఆలోచించింది.

"కుర్చీ తెచ్చుకుని ఇటు కూర్చోండి. తలుపు వైపు."

"కూర్చుంటే?"

"జారితే మీ దగ్గర ఆగుతాను."

ఆయన కుర్చీ తెచ్చాడు. "ఇంకా దగ్గరికి" అంటే జరిపాడు, మళ్ళీ "ఇంకా" అంటే మంచం పట్టెకు మోకాళ్ళు ఒత్తుకొనేదాకా జరిపాడు. ఆమె పట్టె వదిలి ఆయన ముంజేతిని పట్టుకొంది. పైకి చూసింది. శ్వాస మెల్లగా దారిలో పడింది.

"ఇప్పుడు?"

"జారుతున్నాను. కానీ పడను."

సాయంత్రం వదినగారు మంచినీళ్ళు తెచ్చి, కుర్చీకీ గోడకూ మధ్య పక్కకు తిరిగి ఇరుక్కొంటూ లోపలికి వచ్చింది. చెల్లెలి నోట్లో చెంచాతో నీళ్ళు పోసింది. గ్లాసు మరిది చేతికి ఇవ్వబోయి, ఆ చేయి ఖాళీగా లేదని చూసి, రెండో చేతికి ఇచ్చింది.

"సెలవు ఎన్నాళ్ళుంది మరిదిగారూ?"

"పద్దెనిమిది రోజులు."

వదినగారు మిగతా లెక్క అడగలేదు. ఆయనా చెప్పలేదు, లెక్కల్లో పుట్టి పెరిగిన మనిషి జీవితంలో ఒక తీసివేతను సగంలో వదిలేశాడు. ఆమె మళ్ళీ ఇరుక్కొంటూ బయటికి వెళ్ళింది. మేకులు కావాలనో, దారం కావాలనో ఏదో సణుగుతూ చెప్పులు వేసుకొని వీధిలోకి వెళ్ళిన చప్పుడైంది.

హాల్లో ఫోను మోగింది. ఆయన ఫోనే. ఆఫీసు కావచ్చు, డాక్టరు కావచ్చు, ఏదో ఉపాయం తోచిన మేస్త్రీ కావచ్చు. ఇన్‌స్పెక్టరు గుమ్మం వైపు తల తిప్పాడు.

"ఎవరో చూడండి," అంది భార్య.

అంటూనే ముంజేతిని ఇంకాస్త గట్టిగా పట్టుకొంది. ఆయన లేవలేదు. ఫోను మోగి, మోగి, ఆగిపోయింది.